ఏ పనికి ఏ బండి



ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం, ఎండ ఇంకా తగ్గకముందే, రింగ్ రోడ్డు నుంచి స్టేడియం గేట్ల దాకా ఒకసారి నడిచి చూడండి. ఆట మొదలవడానికి ఇంకా నాలుగైదు గంటలుంటుంది. జనం ఇంకా రారు గానీ పోలీసు బండ్లు అప్పటికే వచ్చేసి ఉంటాయి. బారికేడ్లు వేసుకుని డీసీఎం వ్యానులు వస్తాయి. వాటి వెనక సాయుధ బలగాలను దించే బస్సులు. బాంబ్ స్క్వాడ్ వ్యాను, అందులోంచి దూకే జాగిలాలు. రోడ్డు వారన నిలిపిన కార్లను లాక్కెళ్లే ట్రాఫిక్ క్రేను. నీలం, ఎరుపు లైట్లు తిరుగుతున్న ఇన్నోవాలు. వాటి మధ్యలోంచి దారి చేసుకుంటూ పోయే బ్లూకోల్ట్స్ మోటారు సైకిళ్లు. ఇంకాస్త దూరంగా, జనం కంట అంతగా పడని చోట, కిటికీలకు ఇనుప జాలీ బిగించిన వజ్ర వాహనం.

మనం వీటన్నిటినీ కలిపి పోలీసు బండి అనేస్తాం. కానీ ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదు. పైగా ఒకటి వెళ్లాల్సిన చోటికి ఇంకొకటి వెళితే పని చెడుతుంది కూడా. ఏ బండిని ఎప్పుడు బయటికి తీయాలి, దేన్ని ఎప్పుడు షెడ్డులోనే ఉంచాలి అన్నదే పోలీసు వాహనాల విషయంలో అసలు విద్య అని నా నమ్మకం. ఇప్పుడు దాని గురించే మాట్లాడతాను.

దీనికి ఉప్పల్, నాచారం కంటే మంచి ఉదాహరణ దొరకదు. హైదరాబాద్ నగరానికి తూర్పు వాకిలి ఇది. వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి మీదుగానే పోతుంది. నాగోలు నుంచి వచ్చే మెట్రో రైలు ఉప్పల్ నెత్తి మీదుగా హబ్సిగూడ, తార్నాక వైపు సాగుతుంది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో రాత్రీ పగలూ లారీలు తిరుగుతుంటాయి. హబ్సిగూడ వైపు ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ వంటి జాతీయ పరిశోధనాలయాలున్నాయి, వాటిని దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల. వీటన్నిటి మధ్యా ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు జరగాల్సినంత ఇరుకు గల్లీలు. 2016లో సైబరాబాద్‌ను విడదీసి రాచకొండ కమిషనరేట్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఈ ప్రాంతం మల్కాజిగిరి జోన్‌లో భాగంగా దాని కిందికి వెళ్లింది. ఇన్ని రకాల అవసరాలున్న చోట ఒకే రకం బండితో నెట్టుకురావడం ఏ కమిషనర్‌కీ సాధ్యం కాదు.

అందరికీ తెలిసిన పెట్రోలింగ్ కారుతో మొదలుపెడదాం. ఇప్పుడు నడివయసులో ఉన్నవాళ్లకు పోలీసు బండి అంటే కాన్వాసు టాపు జీపే గుర్తుకొస్తుంది. తర్వాత సుమోలు వచ్చాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు, మోటారు సైకిళ్లు వందల్లో వచ్చాయి. అప్పట్లో అందరూ కార్ల మెరుపు గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం అదే సమయంలో తీసుకున్న ఇంకో నిర్ణయం అంతకంటే ముఖ్యమనిపించింది. నగర ఠాణాలకు నెలకు 75 వేల రూపాయల నిర్వహణ ఖర్చు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బండి ఇచ్చి డీజిల్‌కు డబ్బివ్వకపోతే ఆ డీజిల్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరో ఒకరు పోయించాలి. పోయించినవాడి మాట ఠాణాలో చెల్లుతుంది. గస్తీ కారు నిజాయితీ దాని డీజిల్ ట్యాంకులోనే మొదలవుతుందని నేననుకుంటాను.

ఆ కారు లోపల ఏముంటుంది? వైర్‌లెస్ సెట్టు, బండి ఎక్కడుందో కంట్రోల్ రూముకు చెప్పే జీపీఎస్, ఒక ట్యాబ్. మీరు 100కో 112కో ఫోన్ చేస్తే ఆ కాల్ మీకు దగ్గర్లో ఉన్న బండికి చేరుతుంది. కారు బయల్దేరిన సమయం, చేరిన సమయం అన్నీ నమోదవుతాయి. పాత రోజుల్లో జీపు ఎక్కడుందో డ్రైవరు చెబితేనే తెలిసేది. తెలంగాణ పోలీసులు 2017లో తెచ్చుకున్న పాపిలాన్ వేలిముద్రల వ్యవస్థ వల్ల గస్తీ సిబ్బందికి ఇంకో వెసులుబాటు దొరికింది. అర్ధరాత్రి అనుమానంగా తిరుగుతున్నవాడి వేలిని చేతిలో పట్టే చిన్న పరికరం మీద పెట్టిస్తే, పాత నేరస్తుల రికార్డులో ఆ ముద్ర ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. వేలిముద్ర కలవకపోతే ఆ మనిషిని ఇంటికి పంపేయవచ్చు. ఒక అమాయకుడు తెల్లవార్లూ ఠాణా బెంచీ మీద కూర్చునే అవసరం తప్పుతుంది. దొంగను పట్టుకోవడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

అయితే నాచారం గల్లీల్లో ఇన్నోవా పనికిరాదు. బాబానగర్ లోపలికో, రాఘవేంద్రనగర్ సందుల్లోకో వెళ్లాలంటే రెండు వైపులా నిలిపిన కార్లు, ఇంటి ముందుకు పొడుచుకొచ్చిన మెట్లు, నీళ్ల ట్యాంకరు, కూరగాయల బండి. అక్కడికి చేరేది బ్లూకోల్ట్స్ మాత్రమే. ఒక మోటారు సైకిలు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఖరీదులో పోలీసు శాఖకున్న చౌకైన వాహనాల్లో ఇదొకటి. కానీ భార్యాభర్తల గొడవ కొట్లాటగా మారుతున్నప్పుడు, ఇంటి గోడ దగ్గర ఎవరో తచ్చాడుతున్నప్పుడు, తప్పిపోయిన పిల్లవాడు పార్కు దగ్గర ఏడుస్తున్నప్పుడు మొదట చేరేది వీళ్లే. కారులో కూర్చున్న పోలీసుకు అద్దంలోంచి వీధి కనిపిస్తుంది. బండి మీద పోయే పోలీసుకు వీధి వినిపిస్తుంది కూడా. టీ కొట్టువాడు అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పలకరింపులో దొరికే సమాచారం ఏ కెమెరాకూ దొరకదు. ఉన్న బడ్జెట్లో ఇంకో వంద బండ్లు కొనాలంటే ఏం కొనాలని ఎవరైనా నన్నడిగితే, తడుముకోకుండా మోటారు సైకిళ్లే కొనమంటాను.

ఇక స్టేడియం సంగతి. 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య ఇక్కడ తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. 2017, 2019 ఐపీఎల్ ఫైనళ్లు కూడా ఇక్కడే. దాదాపు 39 వేల మంది పట్టే మైదానమిది. అంతమంది రెండు మూడు గంటల వ్యవధిలో వచ్చి, రాత్రి ఒకేసారి బయటికి వస్తారు. ఆ రోజు తార్నాక వైపు నుంచి వచ్చే భారీ వాహనాలను హబ్సిగూడ చౌరస్తాలోనే నాచారం వైపు తిప్పేస్తారు. వరంగల్ వైపు నుంచి వచ్చేవాటిని చెంగిచెర్ల దగ్గరే చర్లపల్లి, మల్లాపూర్, నాచారం మీదుగా పంపుతారు. అంటే మ్యాచ్ ఉప్పల్‌లో జరిగితే దాని బరువు మోసేది నాచారం. ఈ సంగతి టీవీలో కనిపించదు. నాచారం రోడ్డు మీద మామూలు రోజునే చర్లపల్లి చమురు డిపోలకు పోయే ట్యాంకర్లుంటాయి. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమయ్యాక ప్రయాణికుల ఆటోలు, క్యాబులు తోడయ్యాయి. అలాంటి రోడ్డు మీద ఒక్క లారీ చెడిపోయి ఆగితే ఏమవుతుంది? అందుకే మ్యాచ్ రోజున నా లెక్కలో అతి ముఖ్యమైన పోలీసు వాహనం వజ్ర కాదు, బాంబ్ స్క్వాడ్ వ్యానూ కాదు. నాచారం రోడ్డు మీద సిద్ధంగా నిలబెట్టిన క్రేను. పది నిమిషాల్లో ఆ లారీని పక్కకు లాగితే ఎవరికీ ఏమీ తెలియదు. లాగలేకపోతే హబ్సిగూడ దాకా అంబులెన్సులు కూడా ఇరుక్కుంటాయి.

బాంబ్ స్క్వాడ్ బండి అవసరం ఏమిటో హైదరాబాదీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు. ఉప్పల్‌కు దిల్‌సుఖ్‌నగర్ ఎంత దూరమని! ఆ వ్యానులో లోహశోధక పరికరాలు, బండి కిందిభాగం చూసే అద్దాలు, బరువైన రక్షణ దుస్తులు, పేలుడు పదార్థాన్ని సురక్షితంగా తీసుకుపోయే సామగ్రి ఉంటాయి. గ్యాలరీల్లో ఒక్కో వరుసా, ఒక్కో కుర్చీ కిందా జాగిలం ముక్కు పెట్టి చూశాకే గేట్లు తెరుస్తారు. ఈ జాగిలాలకు మొయినాబాద్‌లోని అకాడమీలో శిక్షణ ఇస్తారు. ఎండాకాలంలో వాటికి నీడ, నీళ్లు, గాలి తగిలే వ్యాను లేకపోతే కుక్క అలసిపోతుంది. అలసిన ముక్కు వాసన పట్టదు. కాబట్టి ఆ వ్యానులో ఏసీని సౌకర్యం అనుకోకూడదు, అది కూడా భద్రతలో భాగమే.

ఎన్ని బండ్లున్నా, ఎంత మంది ఉన్నా అవి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేవు. దీనికి 2023లో ఉప్పల్ స్టేడియమే సాక్ష్యం. ప్రపంచకప్‌కు ముందు సెప్టెంబరు 29న పాకిస్తాన్, న్యూజిలాండ్ జట్లకు ఇక్కడ సన్నాహక మ్యాచ్ పెట్టారు. దానికి సరిగ్గా ముందు రోజు గణేశ్ నిమజ్జనం. మిలాద్ ఉన్ నబీ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. పోలీసులు నిక్కచ్చిగా చెప్పేశారు, ఈ సమయంలో ప్రేక్షకులున్న మ్యాచ్‌కు భద్రత ఇవ్వలేమని. దాంతో ఖాళీ స్టేడియంలో ఆట జరిగింది. టికెట్లు కొన్నవాళ్లకు బాధ కలిగింది నిజమే. కానీ నాకు ఆ నిర్ణయం మీద గౌరవం ఉంది. చేతనైనంత చేస్తాం లెండి అని నీళ్లు నమిలి, సగం బందోబస్తుతో గేట్లు తెరిచి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. 2025 డిసెంబరు 13న ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీ వచ్చినప్పుడు, అదే రోజు పొద్దున అతను కనిపించిన కోల్‌కతా స్టేడియంలో కుర్చీలు విరిగి గాల్లో ఎగిరాయి. సాయంత్రం ఉప్పల్‌లో కార్యక్రమం సజావుగా ముగిసింది. ఆ సాయంత్రం వెనక ఎన్ని బండ్లు ఏ మూల నిలబడ్డాయన్న ప్రణాళిక ఉందో ప్రేక్షకులకు తెలియలేదు, తెలియాల్సిన అవసరం రాలేదు.

వజ్ర గురించి చెప్పాలంటే కాస్త ఆగి చెప్పాలి. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, తార్నాక వాసులకు ఇది పత్రికల్లో చూసిన బండి కాదు. 2009 నవంబరు చివరి నుంచి తెలంగాణ ఉద్యమం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉధృతమైనప్పుడు, నెలల తరబడి క్యాంపస్ గేట్ల దగ్గర నిలబడి ఉన్న బండి. దీని మీద అనేక గొట్టాలున్న ఒక పరికరం ఉంటుంది. లోపలున్న సిబ్బంది బయటికి రాకుండానే బాష్పవాయు గోళాలను ఒకటొకటిగా గానీ, ఒక్కసారిగా గానీ పేల్చవచ్చు. మన పోలీసులు వాడే ఈ గోళాలు ఎక్కువగా గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం కర్మాగారంలో తయారవుతాయి. పొగ గాలిని బట్టి పోతుంది, మనిషిని చూసి ఆగదు. రాయి విసిరినవాడి కళ్లూ మండుతాయి, హాస్టల్ గదిలో పరీక్షకు చదువుకుంటున్నవాడి కళ్లూ మండుతాయి. ఆ రోజుల్లో గుడ్డ తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకోవడం ఈ చుట్టుపక్కల చాలామంది నేర్చుకున్నారు. ఆ బండి పేరు చెబితే ఈనాటికీ ఆ తరం మొహంలో ఏదో కదులుతుంది.

నీళ్ల ఫిరంగి బండి వరుణ కూడా ఇలాంటిదే. పెద్ద ట్యాంకు, బలమైన పంపు, పైన తిరిగే గొట్టం. లాఠీ కంటే నీళ్లు నయమన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఆ ధార ఒత్తిడికి మనిషి ఎగిరి పడతాడు, కంటికి తగిలితే చూపు పోవచ్చు. 2014లో లండన్ మేయర్‌గా ఉన్న బోరిస్ జాన్సన్ జర్మనీ నుంచి వాడేసిన మూడు వాటర్ క్యానన్ బండ్లు కొన్నారు. వాటిని రోడ్డెక్కించడానికి హోంమంత్రి థెరిసా మే 2015లో అనుమతి నిరాకరించారు. ఇంగ్లండ్ పోలీసింగ్ జనం అంగీకారం మీద నడుస్తుందని, ఈ బండ్లు వీధిలోకి వస్తే ఆ నమ్మకం దెబ్బతింటుందని కూడా ఆమె వాదన. చివరికి 2018లో ఒక్క రోజు కూడా వాడకుండానే వాటిని తుక్కు కింద అమ్మేశారు. ప్రజాధనం పోయింది, అది తప్పే. అయినా కొన్నాం కదా అని వాడేయకుండా ఆగడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. మన దగ్గర కూడా చట్టవిరుద్ధంగా గుమికూడిన జనాన్ని చెదరగొట్టడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ ఒక క్రమం చెప్పింది. ముందు వెళ్లిపొమ్మని ఆదేశించాలి, వినకపోతేనే బలం. అంటే వజ్ర కంటే ముందు మాట్లాడాల్సింది మైకు. మైకుతో అయ్యే పనికి వజ్రను ముందు వరుసలో నిలబెడితే, గొడవ చేయాలని లేనివాడికి కూడా రాయి పట్టుకోవాలనిపిస్తుంది. మ్యాచ్ రోజున ఆ బండిని కంటికి దూరంగా పెట్టే అధికారికి ఈ సంగతి బాగా తెలుసు.

జనాన్ని చూసి కాకుండా, జనం వెళ్లిపోయాక వచ్చే బండి ఒకటుంది. అదే క్లూస్ టీమ్ వ్యాను. మా వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగినప్పుడు ఈ బృందం పని చేయడం దగ్గర నుంచి చూశాను. వ్యాను వెనక తలుపు తీస్తే లోపల సామాను పెట్టెలు, ఫొటో లైట్లు, కవర్ల కట్టలు. ఒకతను బీరువా తలుపు మీద మెత్తటి బ్రష్‌తో నల్లటి పొడి అద్దుతున్నాడు. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత మెల్లగా, హ్యాండిల్ పక్కన మూడు వేళ్ల గీతలు తేలాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పారదర్శక టేపుతో ఆ ముద్రను ఎత్తి కార్డు మీద అతికించాడు. వీటిని వాళ్లు చాన్స్ ప్రింట్లు అంటారు. ఆ ఇంటావిడ కంగారుగా చూస్తుంటే, "మీ ఇంట్లోళ్ల వేలిముద్రలు గూడ కావాలమ్మా. మీవి తీసేస్తేనే దొంగవి మిగులుతయి" అన్నాడు. అప్పటికే ఇరుగుపొరుగు పదిమంది లోపలికొచ్చి బీరువా తాకి, సానుభూతి చెప్పి పోయారు. ఎన్ని ముద్రలు చెరిగిపోయాయో!

2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక ఈ వ్యానుకు ప్రాధాన్యం ఇంకా పెరిగింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువిచ్చారు. ఇంతకుముందు దర్యాప్తు అధికారి దయాదాక్షిణ్యాల మీద ఉన్న పని ఇప్పుడు చట్టం అడిగే పనైంది. వ్యాను కొనడం సులువే. అందులో కూర్చునే రసాయన శాస్త్రవేత్త, వేలిముద్రల నిపుణుడు కావాలి. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, వివాదాస్పద పత్రాల పరీక్షకుల కార్యాలయం, దర్యాప్తు అధికారులకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ అన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివే ఈ చుట్టుపక్కల పిల్లలు ఆ ఉద్యోగాల వైపు చూడాలని నాకుంది.

ఇంటర్‌సెప్టర్ వాహనం గురించి రెండు మాటలు. ఇందులో లేజర్ స్పీడ్ గన్, కెమెరా ఉంటాయి. లేజర్ కిరణాలు మీ కారుకు తగిలి తిరిగొచ్చే సమయంలో తేడాను బట్టి వేగం లెక్కిస్తుంది, నంబరు ప్లేటుతో సహా ఫొటో తీస్తుంది. రాత్రి పదింటి తర్వాత ఖాళీ అయిన వరంగల్ రోడ్డు మీద దీని అవసరం ఎంతుందో ఆ దారిన ప్రమాదాలు చూసినవాళ్లకు తెలుసు. దీన్ని చెట్టు చాటున దాచి పెట్టడం కంటే రోడ్డు మీద కనబడేలా నిలబెట్టడమే మేలంటాను. చలానా ఇంటికి చేరే లోపల జరగాల్సిన ప్రమాదం జరిగిపోతుంది. కళ్లెదుట బండి కనిపిస్తే కాలు అప్పుడే బ్రేకు మీదికి వెళుతుంది.

కొన్నిసార్లు ఏ పోలీసు బండీ పనికిరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్ కాలనీలు మునిగినప్పుడు కార్లు నీళ్లలో తేలాయి, జనాన్ని బయటికి తెచ్చింది పడవలే. 2021 ఫిబ్రవరి 2న ఎల్‌బీ నగర్ ఆసుపత్రి నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండెను తరలించాల్సి వస్తే, నాగోలు దాకా పోలీసులు రోడ్డు ఖాళీ చేయించి, అక్కడి నుంచి మెట్రో రైలు ఎక్కించారు. ఉప్పల్ స్టేషన్‌లో ఆగకుండా ఆ రైలు వెళ్లిపోయింది. పైలట్ కారుతోనే పని కానిద్దామని పట్టుబట్టకుండా రైలును ఎంచుకున్న ఆ ఆలోచన నాకెంతో నచ్చింది.

ఈ బండ్లన్నిటి వెనకా మనకు కనిపించని మనుషులున్నారు. మోటారు ట్రాన్స్‌పోర్టు విభాగం మెకానిక్కులు, డ్రైవర్ కానిస్టేబుళ్లు. నెలల తరబడి షెడ్డులో నిలిచిన వజ్ర బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి చూడాలి. క్రేను గొలుసుకు గ్రీజు పెట్టాలి. కొత్త బండ్ల ప్రారంభోత్సవానికి జెండా ఊపడం ఫొటోల్లో వస్తుంది. టైర్లు మార్చడానికి నిధులు విడుదలయ్యాయో లేదో ఏ పత్రికా రాయదు. రాయాలి.

మన వంతు పని కూడా కొంత ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ ప్రకారం అంబులెన్సు, ఫైరింజను వంటి అత్యవసర వాహనాలకు దారి ఇవ్వకపోతే 10 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అవసరం లేకుండా సైరన్ మోగించే వాహనాలను కూడా అంతే గట్టిగా అదుపు చేయాలి. అవి మోగిస్తూ పోతే అసలు ఆపదలో ఉన్నవాడి సైరన్ ఎవరూ పట్టించుకోరు.

ఇంకో సంగతి. ఉప్పల్, హబ్సిగూడ రోడ్డు మీద ఆపద వచ్చి 100కో 112కో ఫోన్ చేస్తే "మెట్రో కింద ఉన్నాం, త్వరగా రండి" అని చెప్పకండి. ప్రతి మెట్రో పిల్లర్ మీదా ఒక నంబరు రాసి ఉంటుంది. అది చదివి చెప్పండి, మీరు రోడ్డుకు ఏ వైపున్నారో చెప్పండి. నాచారం లోపలి గల్లీల్లో అయితే పెద్ద రోడ్డు మీది గుడో, బడో, పెట్రోలు బంకో గుర్తు చెప్పి, ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. మీ ఇంటి ముందు కారు నిలిపేటప్పుడు ఒక మోటారు సైకిలైనా, ఒక స్ట్రెచరైనా పట్టేంత దారి వదలండి.